మెట్లు లేని వాద్యం

"కళ్లు తీసుకున్న దేవుడు చెవులిచ్చాడు" అనేస్తుంటాం. చూపు సరిగ్గా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడు గురించీ అలా అనెయ్యడం తేలికే.

కానీ ఫిడేలుకి వీణకున్నట్టు మెట్లుండవు. స్వరస్థానం ఎక్కడో కళ్లున్నవాడికీ కనిపించదు. వేలు పెట్టాలి, వినాలి, వెంట్రుకవాసి జరపాలి, మళ్లీ వినాలి. ఏళ్ల తరబడి ఇలా చేస్తేనే వేలికి చోటు తెలుస్తుంది. చిన్నప్పుడే చూపు పోతే, మెదడులో చూపు సంగతి చూసుకునే భాగం శబ్దానికీ స్పర్శకీ పనిచెయ్యడం మొదలెడుతుందని న్యూరోసైన్స్ అంటోంది. అయినా శ్రుతి దానంతటది కుదరదు.

ఆ పొగడ్తతో ఆయన సాధన దేవుడి ఖాతాలో పడుతుంది. దేవుడే సర్దేశాడు కాబట్టి మనం చెయ్యాల్సిందీ ఏమీ మిగలదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో ఆయనకి ఆచార్య పదవి ఇచ్చింది, 1936లో ప్రిన్సిపాల్‌ని చేసింది. ఆ పని చేసింది మనుషులే.