ఈల ఊదినవాని కూలి

పనిచేసినవానికి కూలి ఇయ్యవలెనని మనలో ఎవరికిని క్రొత్తగా బోధింపనక్కరలేదు. ఆ మాటను బాల్యమునుండి విన్నవారము, ఇతరులకు చెప్పినవారము. అయినను పనివాడెవడు అను ప్రశ్న యెదుట నిలిచినప్పుడు మన నిశ్చయము సడలుచుండును. గోడ కట్టిన మేస్త్రి పనివాడే. ఇల్లు ఊడ్చిన స్త్రీ పనిచేసినదే. సెలవుదినమున పిల్లల ఫుట్‌బాల్ పోటీలో ఈల పట్టుకొని యెండలో పరుగెత్తిన 18 ఏండ్ల విద్యార్థి పనివాడా, కాడా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. పుదుచ్చేరి పట్టణములో అది కొన్ని రాత్రులు నాకు నిద్ర లేకుండ చేసెను.

పుదుచ్చేరి 1954 నవంబరు 1న ఫ్రెంచివారి పాలననుండి భారతదేశ పాలనలోనికి వచ్చినది. 1962 ఆగస్టు 16న ఆ మార్పు చట్టప్రకారము సంపూర్ణమైనది. తమిళము మాటలాడు ఈ పట్టణముతో తెలుగువారికి ఒక బంధమున్నది. గోదావరి తీరమందలి యానాము ఈ కేంద్రపాలిత ప్రాంతములోని భాగమే. దూరము 800 కిలోమీటర్లకు పైబడినను, యానాము పిల్లలు పై చదువులకు ఇక్కడికి వచ్చుచుందురు. ఆదివారము ఉదయమున తెలుగు ఆరాధన వెదకికొని వత్తురు. సాయంకాలమున బంతి వెదకికొని మైదానమునకు పోవుదురు. ఉప్పళములోని ఇందిరాగాంధీ క్రీడా మైదానము మొదలు పాఠశాలల ఆవరణలవరకు ఈ పట్టణములో ఫుట్‌బాల్ అనగా పిల్లలకు ప్రాణము.

కొన్నియేండ్ల క్రిందట మేము కొందరము కూడి, సెలవులలో బాలుర జట్లకు రెండుదినముల పోటీ ఏర్పాటు చేసితిమి. లెక్కలు నా చేతిలో ఉండెను. 16 జట్లు వచ్చెను. ఓడినవారు తొలగిపోవు పద్ధతి గనుక 15 మ్యాచీలు జరుగవలసియుండెను. రిఫరీలుగా ఒక పెద్దమనిషిని, ఇద్దరు కళాశాల విద్యార్థులను పిలిచితిమి. పెద్దాయన మ్యాచికి ఇంత అని ముందుగానే అడిగెను, ఒప్పుకొంటిమి. విద్యార్థులు అడుగలేదు. వారిలో ఒకడు యానాము పిల్లవాడు, మా ఆరాధనకు వచ్చువాడు. అతనితో నేనే, “నీ సంగతి మేము చూచుకొందుము బాబూ” అంటిని. ఆ మాట చెప్పినప్పుడు నా మనస్సులో ఏ మొత్తమును లేదు. ఈ సంగతిని దాచక చెప్పవలెను.

ఆ రెండుదినములలో అతడు ఆరు మ్యాచీలు నడిపించెను. తన బూట్లు, తన గడియారము, తన ఈల, చొక్కా జేబులో తన డబ్బుతో కొనుక్కొనిన పసుపు, ఎరుపు కార్డులు. సెమీఫైనలులో మా నిర్వాహకుల జట్టే ఆడుచుండెను. ఆట ముగియుటకు రెండు నిమిషములున్నదనగా మా వెనుక ఆటగాడు పెనాల్టీ గీత లోపల ఎదుటి పిల్లవాని కాలికి అడ్డము పెట్టెను. ఈల మ్రోగెను. పెనాల్టీ! మావాళ్లు చుట్టుముట్టిరి, గట్టునుండి పెద్దలు కేకలు వేసిరి. ఆ పిల్లవాడు ఒక్క అడుగైనను వెనుకకు వేయక బంతి పెట్టవలసిన చోటు చూపించెను. మేము ఓడిపోతిమి. అతని తీర్పు సరియైనదే. నేను కన్నులార చూచితిని.

పోటీ ముగిసెను. పెద్దాయనకు కవరు అందెను. విద్యార్థులిద్దరికి శాలువలు కప్పి, బిరియానీ పొట్లములిచ్చి చప్పట్లు కొట్టితిమి. వారము తరువాత ఆ పిల్లవాడు ఆరాధన ముగిసినపిమ్మట నాయొద్దకు వచ్చి, తల వంచుకొని, “బాబాయిగారూ, రిఫరీ డబ్బుల సంగతి ఏమైనా తేలిందాండి?” అని అడిగెను. నేను, “నాయనా, ఇది పిల్లలకొరకు చేసిన సేవ గదా, దేవుడు నీకు ప్రతిఫలమిచ్చును” అని చెప్పితిని. అతడు, “సరేనండి” అని వెళ్లిపోయెను. కమిటీలో ఒకరు మరింత స్పష్టముగా పలికిరి: మన జట్టును ఓడించినవానికి మన డబ్బా?

ఆ రాత్రి లెక్కల పుస్తకము తెరచితిని. కప్పులు, పతకములు, షామియానా, మైకుసెట్టు, ముఖ్య అతిథికి పూలదండ, ఫ్లెక్సీ బోర్డు, అన్నిటికిని మొత్తములున్నవి. యువ రిఫరీల పేరిట టీ, టిఫిను అని మాత్రమే వ్రాసియుంటిని. అప్పుడు నేను పలికిన మాట నాకే తిరిగి వినబడెను. సేవ యని నేనన్నది నిజమా? లేక చౌకగా ముగించుకొనుటకు ఒక పరిశుద్ధమైన మాటను అరువు తెచ్చుకొంటినా?

సేవ అనగా నేమి? తనకు రావలసిన దానిని తానే మనఃపూర్వకముగా విడిచిపెట్టుట. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు చేసినది ఇదే. ఆయన మొదట తనకు హక్కున్నదని సైనికుని, తోటమాలిని, మందకాపరిని చూపి గట్టిగా వాదించును. ఆ తరువాతనే ఆ హక్కును వాడుకొననని చెప్పును. ఈ వరుస గమనింపదగినది. హక్కు లేనివాడు దేనిని విడిచిపెట్టును? ముందు కూలి అతని చేతిలో పెట్టిన తరువాతనే, అతడు దానిని తిరిగి కానుకగా ఇచ్చుటకైనను, ఇంటికి తీసికొనిపోవుటకైనను స్వతంత్రుడగును. కొరింథు సంఘస్థులు పౌలు పక్షముగా ఆయన హక్కును విడిచిపెట్టలేదు. నేనైతే ఆ పిల్లవాని పక్షముగా అతని హక్కును విడిచిపెట్టితిని. నా డబ్బుతో చేయవలసిన త్యాగమును అతని డబ్బుతో చేసితిని.

మనవాడే గదా యని మరియొక వాదము కలదు. పరాయివానికి లెక్కప్రకారము ఇయ్యవలెను, మనవానితో లెక్కలేల అని మనము తరచుగా అనుకొందుము. ఆదికాండములో లాబాను సయితము బంధువైనంతమాత్రమున యాకోబుచేత ఊరకనే పని చేయించుకొనరాదని ఎరిగియుండెను. జీతమేమో చెప్పుమని అడిగెను. తరువాత ఆ జీతమును పలుమార్లు మార్చినవాడును అతడే. లాబాను మోసగాడని మనము ప్రసంగింతుము. కాని జీతమేమని అడుగుటలో ఆ మోసగాడు నాకంటె మేలైనవాడు. బంధుత్వము అడుగువాని నోరు మూయును. మనవాడు అడుగుటకు సిగ్గుపడును గనుకనే మనము అడుగకమునుపే చెప్పవలసిన బాధ్యత పెరుగును.

వారింకను నేర్చుకొనుచున్నారు గదా అని కొందరందురు. నేర్చుకొనుచున్న మాట నిజమే. మన పొరుగున తమిళనాడుకు చెందిన కె. శంకర్ 2002 ప్రపంచ కప్పు పోటీలలో సహాయ రిఫరీగా నిలిచెను. అట్టి స్థానమునకు చేరిన ఎవడైనను ఒకప్పుడు చిన్న మైదానములలో నేర్చుకొనినవాడే. అయితే నేర్చుకొనువాడు నడిపిన మ్యాచి తక్కువ నిమిషములు జరుగలేదు. అతని మీద ఎండ తక్కువగా కాయలేదు. వానిమీద పడిన కేకలు పెద్దాయనమీద పడినవానికంటె ఎక్కువే. అనుభవమునకు విలువ ఇయ్యవలసినదే, దానికి మార్గము పెద్ద మ్యాచిని అనుభవజ్ఞునికి అప్పగించి ఆ మ్యాచికి తగిన రుసుము ఇచ్చుట. ఒకే స్థాయి మ్యాచికి వయస్సునుబట్టి ఒకనికి కవరు, మరియొకనికి శాలువ ఇచ్చుట న్యాయము కాదు.

డబ్బు ప్రవేశించినయెడల ఆట పాడగునను భయము ప్రాతది. ఇంగ్లాండులో ఆటగాండ్రకు వేతనమిచ్చుట తగదని పెద్దలు చాలకాలము వాదించిరి. చాటున ఇచ్చుటయు జరుగుచునే యుండెను. తుదకు 1885లో అక్కడి ఫుట్‌బాల్ సంఘము దానిని బహిరంగముగా అనుమతించెను. రిఫరీ చరిత్ర ఇంతకంటె బోధకరమైనది. 1863లో ఆ సంఘము నియమములు వ్రాసినప్పుడు వాటిలో రిఫరీ లేడు. మర్యాదస్థులకు న్యాయాధిపతి యేల అని తలంచిరి. పిమ్మట ఒక్కొక్క జట్టు పక్షమున ఒక్కొక్క అంపైరు వచ్చెను. వారిద్దరికి పొత్తు కుదరనప్పుడు నివేదించుటకు మూడవవాడు గట్టున నిలిచెను. రిఫరీ అను పేరు ఆ నివేదించుటనుండియే వచ్చినది. 1891లో అతనిని మైదానములోనికి తెచ్చి తీర్పు అతనికే అప్పగించిరి. పెనాల్టీ నియమమును ఆ యేటనే వచ్చినది. అనగా అనుభవము మనుష్యులకు నేర్పిన పాఠమిది: ఆటకు ఏ పక్షమునకును చెందనివాడొకడు కావలెను.

ఇప్పుడు మా పోటీని చూడుడి. మొత్తము నిర్ణయింపకుండ, చూచుకొందుమని చెప్పి, మా జట్టు ఆడుచున్న మ్యాచికి ఆ పిల్లవానిని నిలిపితిమి. అతని కూలి మా దయయందుండెను; మా గెలుపు అతని ఈలయందుండెను. దీనిని లంచమని మేము తలంచలేదు. అయినను తీర్పు చెప్పువాని యెదుట ఇంకను ఇయ్యని డబ్బును వ్రేలాడదీయుట లంచమునకు ఎంత దూరము? న్యాయాధిపతులు పక్షపాతము చూపరాదనియు లంచము పుచ్చుకొనరాదనియు ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయము వారిని హెచ్చరించుచున్నది. న్యాయాధిపతిని అట్టి శోధనలో నిలిపినవాడును ఆ హెచ్చరికకు లోబడినవాడే. ఆ పిల్లవాడు శోధనను జయించెను. మేము దానికి అతనిని శిక్షించితిమి. నిర్ణీతమైన కూలి న్యాయమును పాడుచేయదు. అనిర్ణీతమైన కూలియే పాడుచేయును.

ఇక డబ్బు లేదను మాట. లేనివాడు లేదనవచ్చును. షామియానా వేసినవాడు అనరాదు. కూలి ఇయ్యక పొరుగువానిచేత పని చేయించుకొని విశాలమైన మేడలు కట్టుకొనిన యెహోయాకీమును యిర్మీయా ప్రవక్త గద్దించెను. ఆ రాజునకు ధనము లేక కాదు. దేవదారు పలకలకు ధనమున్నది, కూలివానికి లేదు. మన దేశములోనే, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు స్టేడియములు కట్టిన కూలివారికి దినమునకు 9 రూపాయల 25 పైసలు రావలసియుండగా, మధ్యనున్న జమేదారులు ఒక రూపాయి మిగుల్చుకొనుచుండిరి. ఆ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, అదే సంవత్సరము సెప్టెంబరులో న్యాయస్థానము గొప్ప తీర్పు చెప్పెను: చట్టము నిర్ణయించిన కనీస వేతనముకంటె తక్కువకు పనిచేయువాడు అవసరముచేత బలవంతము చేయబడినవాడే, అది రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టి. పిల్లల పోటీకి ఆ తీర్పు వర్తించునని నేననుట లేదు. ఒక రూపాయి చిన్నదని అనుకొనినవారిని అది సిగ్గుపరచుచున్నది. ఆట ఎంత ఘనమైనదైనను, దాని వెనుకనున్న కూలి అంత చిన్నదిగా కనబడుట మన కంటి దోషము.

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు నాకొక ఆశ్రయముగా తోచెను. ఉదయమున వచ్చినవారితో ఆయన ఒక దేనారమునకు ఒడంబడెను గాని, తరువాత వచ్చినవారితో మొత్తము చెప్పలేదు. న్యాయమైనది ఇత్తునని మాత్రమే చెప్పెను. నేనును చూచుకొందుమనియే చెప్పితిని గదా! అయితే సాయంకాలమున ఏమి జరిగెను? ఆయన వారికి తక్కువ ఇయ్యలేదు. దినమంతటి కూలి ఇచ్చెను. ఆ సాయంకాలమే ఇచ్చెను. మొత్తము చెప్పకుండ పని పుచ్చుకొనువాడు, నమ్మి పనిచేసినవానికి ఎక్కువ ఋణపడియుండును, తక్కువ కాదు. ఆ యజమానుని మాట నేను పలికితిని. ఆయన చేయి నాకు లేకపోయెను.

కావున న్యాయమైనదేమి? నాకు తోచినది చెప్పుదును. పిలిచిన దినముననే మ్యాచికి ఇంత అని మొత్తము చెప్పవలెను. ఆ సొమ్మును అన్ని జట్ల ప్రవేశ రుసుమునుండి మొట్టమొదట తీసి వేరుగా ఉంచవలెను. కప్పు ఎత్తు ఆ తరువాత నిర్ణయించుకొనవచ్చును. బస్సు చార్జీ, భోజనము కూలిలో కలుపరాదు; అవి ఖర్చులు. ఒక దినమున ఒకనిచేత ఎన్ని మ్యాచీలు నడిపింపవచ్చునో హద్దు పెట్టవలెను. నిర్వాహకుల జట్టు ఆడునప్పుడు రిఫరీ డబ్బు ముందే ముట్టియుండవలెను. కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద నిలువరాదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది గనుక, మైదానము విడువకముందే చెల్లింపవలెను. శాలువ కప్పుట మంచిదే, అది కవరు తరువాత.

నేను మరునాడు ఆ పిల్లవాని హాస్టలుకు పోతిని. పరీక్షలు ముగిసి అతడు యానాము వెళ్లిపోయియుండెను. పెద్దాయనకు ఇచ్చిన లెక్కప్రకారమే ఆరు మ్యాచీల సొమ్ము ఫోనుద్వారా పంపితిని. క్షమాపణను అదే విధముగా పంపుటకు మనస్సు ఒప్పక, మాటలాడితిని. అతడు, “పరవాలేదండి బాబాయిగారూ, అందింది” అనెను. మరుసటి యేడు పోటీకి పిలిచితిమి. చదువు ఎక్కువగా ఉన్నదని చెప్పెను. అది నిజమే కావచ్చును. ఈల మాత్రము అతడు మరల పట్టలేదు.

ప్రియ పాఠకులారా, మన సెలవుల పాఠశాలలలో పాటలు నేర్పు పిల్లలు, పండుగనాడు మైకు సవరించు యువకులు, ఆరాధనలో కీబోర్డు వాయించు విద్యార్థులు మనయందు నమ్మికయుంచి మొత్తము అడుగకయున్నారు. వారి మౌనమును సమ్మతిగా లెక్కవ్రాసికొనకుందుము గాక. పొలము కోసినవారికి బిగపట్టిన కూలి మొరపెట్టుననియు, ఆ మొర దేవుని చెవిని చేరుననియు యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసెను. అడుగుటకు నోరులేనివాని పక్షమున అతని కూలియే మాటలాడును. అది మనకు విరోధముగా మాటలాడకముందే, మన లెక్కల పుస్తకము తెరచి చూచుకొందము.