గుంపులో చేప ఎవరి మాట వింటుంది?

ఈ వారం వీడియోలో మత్స్యావతారం చెప్పుకున్నాం కదా. అందులో ఒక చిన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి ఓ చేపపిల్ల వస్తుంది. తిరిగి నీళ్లలో వేస్తే, నన్ను ఇక్కడ వదలకు, పెద్ద చేపలు తినేస్తాయి అని వేడుకుంటుంది. లోకాన్ని కాపాడ్డానికి వచ్చిన స్వామి నోట మొదట వచ్చింది ఒక చిన్న ప్రాణి భయం! పెద్దది చిన్నదాన్ని మింగడానికి మన శాస్త్రాల్లో మత్స్యన్యాయం అని పేరు. రాజు ఎందుకు కావాలో చెప్పేటప్పుడు కౌటిల్యుడు అర్థశాస్త్రంలో తెచ్చింది ఈ పోలికే.

మరి రాజు దోసిలి దొరకని చేపల సంగతేంటి? అవి గుంపు కడతాయి.

మాది పినపాక వైపు. వానలు తగ్గి గోదావరి నీళ్లు తేరుకున్నాక ఒడ్డు దగ్గర చిన్న పరిగెలు తిరుగుతుంటాయి. మన నీడ పడితే చాలు, అన్నీ ఒక్కసారే అటు తిరుగుతాయి. ఎవరో ఆర్డర్ వేసినట్టే ఉంటుంది. కానీ ఆర్డర్ వేసే చేప అంటూ ఏదీ ఉండదు. చేప ఒంటికి రెండు పక్కలా తల దగ్గర్నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది. పక్క చేప కదిలితే నీళ్లలో వచ్చే తేడాని అది పట్టేస్తుంది. కళ్లు, ఆ గీత, ఈ రెండిటితోనే నడిచిపోతుంది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే ఆయన కంప్యూటర్‌లో పక్షుల గుంపుని మూడే రూల్స్‌తో కదిలించి చూపించాడు: పక్కవాణ్ణి గుద్దుకోకు, వాడు వెళ్లే వైపే వెళ్లు, మరీ దూరం పోకు. నాలాంటి వాళ్లు ఒక వీకెండ్‌లో రాసేయగల కోడ్ అది. అందులో "ఎక్కడికి వెళ్తున్నాం?" అనే లైన్ ఉండదు.

గుంపు వల్ల లాభం నిజమే. వేటాడే చేపకి కళ్లముందు వందల మెరుపులు కదులుతుంటే దేన్ని పట్టుకోవాలో తోచదు. ఇన్ని కళ్లలో ఏదో ఒకటి ప్రమాదాన్ని ముందే చూస్తుంది. కానీ 1971లో డబ్ల్యూ. డి. హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త చెప్పింది వింటే కాస్త మనసు చివుక్కుమంటుంది. గుంపులో ప్రతి జీవీ తనకీ ప్రమాదానికీ మధ్య ఇంకొకరిని ఉంచుకోవాలనే చూస్తుందట. బయటి నుంచి చూస్తే ఐకమత్యం, లోపల ఎవరి భయం వాళ్లది.

పైగా విసురు వల వేసేవాడికి కావాల్సిందీ ఆ గుంపే. పెద్ద చేప నుంచి కాపాడిన దగ్గరితనమే వల కింద పడేస్తుంది.

స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల మీద 2008లో ఒక ప్రయోగం వచ్చింది. వేటాడే చేప బొమ్మ ఒకటి పెట్టి, దాని పక్కనుంచి మామూలు చేప బొమ్మని నడిపించారు. ఒక్క బొమ్మ వెళ్తే గుంపు పెద్దగా పట్టించుకోలేదు. రెండో మూడో కలిసి వెళ్తే మాత్రం, అంత ప్రమాదం పక్కనే ఉన్నా వెనకాలే వెళ్లాయి. ఇది చదివినప్పుడు నాకు 2018 మే నెల గుర్తొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన రెండు రాష్ట్రాల్లో వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు. దారినపోయే అమాయకుల్ని జనం పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. కొట్టిన వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర మామూలు మనుషులే అయుంటారు. ఇద్దరు ముగ్గురు ముందు కదిలారు, అంతే.

అయితే గుంపు వదిలేయడమే తెలివా? సిటీకి వచ్చిన మనకి ఆ ఆలోచన తొందరగా వస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనునే చూడండి. పిల్లలప్పుడు ఎర్రటి ముద్దలా గుంపుగా తిరుగుతాయి, తల్లీదండ్రీ కాపలా కాస్తాయి. పెద్దయ్యాక దేని దారి దానిదే. బాగానే ఉంది గానీ, ఒంటరైన ఆ కొర్రమీను చేసేదేంటి? నాచులో నక్కి పరిగెల కోసం కాచుక్కూర్చుంటుంది. సత్యవ్రతుడి దోసిట్లో చేపపిల్ల భయపడింది ఇలాంటి వాటికే కదా! 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అలాంటప్పుడు ఒంటరిగా బతకడం గురించి మా ఊరివైపు ఎవరితోనైనా మాట్లాడి చూడండి, నవ్వుతారు.

నాకు మాత్రం చిత్రగ్రీవుడి పద్ధతి నచ్చుతుంది. చిన్నయ సూరి నీతిచంద్రికలో చదివే ఉంటారు. ఆ కథ మొదలయ్యేది కూడా మన గోదావరి ఒడ్డున, బూరుగు చెట్టు దగ్గరే. అడవిలో, మనిషి జాడ లేనిచోట నూకలు ఎందుకుంటాయి అని పావురాల రాజు ముందే అనుమానపడ్డాడు. ఒక పావురం గొప్పగా మాట్లాడి మిగతా వాటిని దింపింది. ఆయనా వాటితో పాటే వలలో పడ్డాడు. అందరూ ఆ పావురాన్ని తిడుతుంటే రాజు ఆపి, తిట్టుకునే టైమ్ కాదు, అందరం ఒక్కసారే ఎగురుదాం అన్నాడు. వలలోకి దింపిన గుంపే వలని లేపింది. మధ్యలో మారింది ఒక్కటే, ఈసారి ఎటు వెళ్లాలో ఒకరు ఆలోచించి చెప్పారు, మిగతావాళ్లు విన్నారు.

తర్వాత స్నేహితుడైన ఎలుక హిరణ్యకుడు వచ్చి ముందు రాజు కట్లే కొరకబోయాడు. చిత్రగ్రీవుడు ఒప్పుకోలేదు, ముందు నా వాళ్లవి అన్నాడు. హిరణ్యకుడికి తన పళ్ల భయం తనది. చిన్న ప్రాణి, అన్ని తాళ్లు కొరికేసరికి పళ్లు ఊడిపోతాయేమో అని. అయినా ఆ మాటకి సంతోషించి, ఒక్కొక్కరివీ కొరుక్కుంటూ వచ్చాడు.