తప్పు వెనక తెలుగు

మన పల్నాడులో, వెల్దుర్తి లాంటి ఊళ్ల ప్రభుత్వ బడుల్లోకి 2020-21లో ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లల ఇంగ్లీషు తప్పులు ఎక్కడ పుడతాయో ఆ రెండు పేజీలూ పక్కపక్కన చదివితే తెలిసిపోతుంది.

తెలుగులో 'దాని గురించి చర్చించాం' అన్న అలవాటుతో "డిస్కస్ అబౌట్" అంటాం. డిస్కస్‌లోనే 'గురించి' ఉంది, అబౌట్ అక్కర్లేదు. "డిడ్ యూ వెంట్?" ఇంకా గట్టిగా పాతుకుపోయింది. 'వెళ్లావా' అన్నప్పుడు గడిచిన కాలం క్రియలోనే ఉంటుంది కదా, అందుకే పిల్లవాడు వెంట్ అంటాడు. ఇంగ్లీషు ప్రశ్నలో ఆ పని డిడ్ చేసేసింది. ఇక మిగిలింది గో. "డిడ్ యూ గో?" "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అన్నచోట మాత్రం తెలుగే దారి చూపుతుంది: 'నా స్నేహితుల్లో ఒకడు' అంటాం కానీ 'స్నేహితుడిలో ఒకడు' అనం. కాబట్టి ఫ్రెండ్స్.

ఇవి తెలివితక్కువ తప్పులు కావు, తెలుగు బాగా వచ్చిన బిడ్డ చేసే తప్పులు. మాస్టార్లూ, అమ్మానాన్నలూ, పదిమందిలో నవ్వకండి. వాక్యం పూర్తిగా చెప్పనివ్వండి. సరైన రూపం మీరు పలికి, బిడ్డతో మరోసారి అనిపించండి.