పగిలిన అద్దానికి శాంతి ఎందుకు?



హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో, పెనుకొండ దాటినాక నా ఫోను చేయి జారి అద్దం పగిలింది. పక్కనున్న అవ్వ "అరిష్టం నాయనా, శాంతి చేయించు" అనింది. బ్రాహ్మణులతో ఏ క్రతువూ చేయించనని 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఉంది. అయితే శాంతి వద్దనడం సగం పనే. పగిలింది పగిలినట్టే ఉంటుంది కదా!

ఇంట్లో నేనే మార్చడానికి కూర్చున్నాను. ఫోను ఆపి, అంచులకు వేడి తగిలిస్తే జిగురు మెత్తబడుతుంది. తెరిచినాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇనుప మొన బ్యాటరీకి గుచ్చుకుంటే మంటలే. కొత్త డిస్‌ప్లే తగిలించి, వెలుగుతోందని చూసినాకే అతికించాలి.

ఏమరుపాటుతో పగిలింది, ఎరుకతో బాగయింది. సమ్మాసతి చేతిపనిలోనూ ఉండాల్సిందే.

దుఃఖముంది, దానికి కారణముంది, నివారణ ఉంది, మార్గముంది అన్నాడు తథాగతుడు. మన వాడల బతుకులు చెడింది తలరాతతో కాదు, మనుషులు పెట్టిన కులంతో. మనుషులు పెట్టినదాన్ని మనుషులే తీసేయగలరు. ఆ పనికి మన చేతులే కావాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!