గుహలో దైవము, గొట్టములో దోషము

దోషమనునది వస్తువునకు సహజముగా నుండునదా, లేక ఆ వస్తువు మన ప్రయోజనమునకు అడ్డుపడినప్పుడు మనమారోపించునదా అను విచారమునకు, నిత్యము మన యింటికి వచ్చు బోరునీరే చక్కని ఆధారము.

అరకులోయకు చేరువనున్న బొర్రా గుహలలో, సున్నపురాతి పొరలగుండ బొట్టుబొట్టుగా దిగుచు, తనలో కరగియున్న కాల్షియమును రాయిగా విడుచుచు, నీరు తరతరములుగా మలచిన శిలారూపమును జనులు శివలింగమని కొలుచుచున్నారు. అచట బొగ్గుపులుసు వాయువు నీటిని వీడిపోవుటచేత బైకార్బొనేటు కార్బొనేటుగా మారి పేరుకొనును. మన బోరునీటియందును గీజరు వేడిమిచేత ఆ మార్పే త్వరగా జరుగును. అయినను కాయిలునకు పట్టిన తెల్లని పెచ్చును చూచి నమస్కరించు గృహస్థు లేడు. పెచ్చు వేడిని నీటికి చేరనీయదు, కరెంటు ఖర్చు పెంచును, తుదకు కాయిలును కాల్చివేయును. ఇట్లు ఒకే పదార్థము ఒకచోట పూజను, ఒకచోట నిందను పొందుచుండగా, దోషము పదార్థమునందు గాక దానికిని మన యక్కఱకును గల సంబంధమునందే యున్నదని ఒప్పుకొనక తప్పదు.

అక్కఱ మనదైనప్పుడు బాధ్యతయు మనదే. భారత ప్రమాణము త్రాగునీటి కాఠిన్యమునకు, అనగా ఈ పెచ్చు పట్టించు గుణమునకు, లీటరునకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగాను, వేఱు నీరు దొరకనిచోట 600 మిల్లీగ్రాములను ఓర్వదగిన హద్దుగాను చెప్పుచున్నది. కావున ముందు నీటిని పరీక్ష చేయించి, పిమ్మట యంత్రమును గూర్చి ఆలోచింపవలెను. కాఠిన్యమును తీయు సాఫ్టెనరను యంత్రములోని రెసిను కాల్షియమును, మెగ్నీషియమును పట్టుకొని బదులుగా సోడియము నిచ్చును. అది గీజరునకును బట్టలుతుకు యంత్రమునకును మేలు, ఉప్పు తగ్గింపవలసిన రోగికిని పెరటి మొక్కలకును కీడు. ఆర్.ఓ. యంత్రము త్రాగునీటికి చాలును. దానితో ఇల్లంతటికి నీరు పట్టుట, విడిచివేయు నీటిని తలచినచో, దుబారాయే.

ఇంతకంటె సూక్ష్మమైన ధర్మసందేహ మొకటి కలదు. రెసిను తన శక్తిని తిరిగి పొందుటకు దానిని ఉప్పునీటితో కడుగవలెను. ఆ కడుగునీరు పెరటిలో ఇంకి పొరుగువాని బోరులో చేరినచో, మన గొట్టపు దోషము వాని గొంతునకు ఎక్కును. కాబట్టి ఇల్లంతటికి పెద్ద సాఫ్టెనరును బిగించుటకంటె గీజరునకు పోవు గొట్టమునకు మాత్రమే తగినంత చిన్నదానిని ఎన్నుకొనుట, గీజరు వేడిని మితముగా నుంచుట, ఏటేట పెచ్చు తీయించుట ఉత్తమము. ఈ ఎంపికలో మన సౌఖ్యమెంత, ఇతరుల కష్టమెంత అని లెక్కవేసికొనువాడు తత్త్వగ్రంథములు చదువకున్నను తత్త్వమెఱిగినవాడే.