నేల శుద్ధి ఎప్పటికి ముగుస్తుంది?

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో 1950ల నాటి ఇల్లు కొన్న తెలుగు కుటుంబం కన్ను ముందుగా బేస్‌మెంట్ మీద పడుతుంది. కింద మంచి ఫ్లోరింగ్ వేయిస్తే సత్యనారాయణ వ్రతానికి బంధువులందరూ కూర్చోవచ్చు, దసరాకు బొమ్మల కొలువు పెట్టుకోవచ్చు, పిల్లలు కూచిపూడి సాధన చేసుకోవచ్చు. కాంక్రీటు చూపుకు పొడిగానే ఉంటుంది. ఊడ్చి, తుడిచి, పైన పలకలు పరిస్తే చాలనిపిస్తుంది.

చాలదు. ఆ కాలపు స్లాబులు చాలావరకు కింద ప్లాస్టిక్ పొర లేకుండా నేరుగా మట్టి మీదో కంకర మీదో పోసినవి. మట్టిలోని తేమ ఆవిరై కాంక్రీటు రంధ్రాల గుండా పైకి వస్తూనే ఉంటుంది. పైన ఏమీ లేనంత కాలం అది గాలిలో కలిసిపోతుంది కనుక నేల పొడిగా కనిపిస్తుంది. వినైల్ పలకలు పరిచి దారి మూసేసిన తర్వాత ఆ తేమ అక్కడే నిలుస్తుంది. జిగురు వదులవుతుంది, అంచులు లేస్తాయి, బూజు పడుతుంది. తేమ ముందునుంచీ ఉన్నదే. పైన కప్పు పడ్డాకే దాని సంగతి తెలిసింది.

మనసు గురించి వేదాంతులు పట్టించుకున్న సంగతీ ఇదే. ఏ బరువూ పడని మనసు ప్రశాంతంగానే కనిపిస్తుంది. దాన్ని శుద్ధమైనదని ఎలా నమ్మడం? బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరులు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. బ్రహ్మవిచారానికి ముందు మనిషి దగ్గర ఏముండాలి? నిత్యానిత్య వివేకం, ఇహపర భోగాల పట్ల వైరాగ్యం, శమదమాది సంపత్తి, ముముక్షుత్వం అని నాలుగు చెప్పారు. కర్మకాండ చదివి ఉండాలన్న నియమం పెట్టలేదు. కర్మ చేసే పని చిత్తశుద్ధి. జ్ఞానం కలిగాక దానితో పని లేదు.

బేస్‌మెంట్ నేలను సిద్ధం చేసేవాళ్లు కూడా కడగడం కన్నా ముందు కొలుస్తారు. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును అంచులన్నీ టేపుతో అంటించి కనీసం 16 గంటలు వదిలేయడం పాత పద్ధతి. షీటు కింద చెమ్మ కనిపించినా, కాంక్రీటు నల్లబడినా తేమ ఉన్నట్టే. ఏమీ కనిపించకపోయినంత మాత్రాన నేల పొడిదని తేల్చలేం. అందుకే ఇప్పుడు స్లాబుకు రంధ్రం చేసి, మందంలో 40 శాతం లోతున సెన్సర్ దించి, లోపలి సాపేక్ష ఆర్ద్రత చూస్తారు. 4 అంగుళాల స్లాబైతే సుమారు 1.6 అంగుళాల లోతు. తయారీదారు వేరే హద్దు చెప్పకపోతే 75 శాతం దాటకూడదన్నది అక్కడి ప్రమాణం. పైపైన తడిమి చూసి ఇచ్చే హామీకి ఇక్కడ విలువ లేదు.

శుద్ధి అంటే గీకి పారేయడం అనుకునేవారిని ఈ నేల ఒకచోట ఆపుతుంది. పాత ఇళ్లలో 9 అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు తరచూ కనిపిస్తాయి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా గ్రైండర్ పెడితే ఆ నార గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పలకలు గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంటే కదిలించకుండా పైన కప్పేయడం ఆమోదం పొందిన మార్గాల్లో ఒకటి. పాత రంగు సంగతి వేరు, దాన్ని తీయక తప్పదు. నేలను సమం చేయడానికి పైన పోసే సెల్ఫ్ లెవలర్ రంగును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. రంగు ఊడితే అదీ ఊడుతుంది. ఏది తీయాలో, ఏది ముట్టుకోకూడదో తెలియడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. మనలోని పాత గాయాలన్నీ తవ్వి తీస్తేనే శుద్ధి అని నేర్పే గురువులు ఈ తేడాను గట్టిగా ఆలోచించాలి.

ఇంతకీ ఈ శుద్ధి ఒకసారి చేస్తే తీరిపోయేదేనా? గోడ మొదట్లో తెల్లగా ఉప్పు పొడి కనిపిస్తే బ్రష్‌తో రుద్ది తీసేయవచ్చు. నీరు వస్తున్నంత కాలం ఆ ఉప్పు మళ్లీ పూస్తుంది. అసలు వైద్యం బయట ఉంది: చూరు గొట్టాల నీటిని పునాదికి దూరంగా పంపాలి, మొదటి 10 అడుగుల నేల ఇంటి నుంచి కనీసం 6 అంగుళాలు వాలి ఉండాలి. ఆకులు రాలే కాలం వచ్చినప్పుడల్లా గొట్టాలు శుభ్రం చేస్తూనే ఉండాలి. ఇక్కడ రామానుజుల మాట గుర్తుకొస్తుంది. బ్రహ్మవిచారానికి ముందు కర్మవిచారం ఉండాలన్నారు. ఉపాసన మరణం దాకా రోజూ సాగేది కాబట్టి దానికి తోడైన వర్ణాశ్రమ కర్మలూ అంతవరకూ సాగాలన్నారు. నేల సాక్ష్యం ఆయన వైపే మొగ్గుతుంది.

శంకరుల పక్షం దీనికి లొంగదు. స్లాబు సంస్కరించదగ్గ వస్తువు. మోక్షం సంస్కారం వల్ల వచ్చేది కాదు, పుట్టించేదీ పొందేదీ మార్చేదీ కూడా కాదని ఆయన వాదన. కాబట్టి నేల పోలిక మనసు దాకానే చెల్లుతుంది, ఆత్మ దగ్గరికి రాదు. ఇది బలమైన జవాబు. అయినా మనసు ఇంకా శుద్ధి కాని సాధకుణ్ణి కర్మ వదలమని శంకరులూ అనలేదు. ఆ మేరకు ఇద్దరు ఆచార్యులూ అతనికి ఒకే పని అప్పగిస్తారు. బేస్‌మెంట్‌లో కొత్త పలకల పెట్టెలు తెరవకముందే సెన్సర్ దించాలని పట్టుబట్టే పనివాడు చెప్పేదీ అలాంటిదే. కొలత 80 చూపిస్తే తేమను అడ్డుకునే ఎపాక్సీ పూత వేయాలి, లేదా ఆ తేమను తట్టుకునే ఫ్లోరింగ్ ఎంచుకోవాలి. వ్రతం తేదీ దగ్గర పడిందని ఆ అంకె తగ్గదు.