బెత్తెడు తడి

తొలకరి పడితే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లోకి జనం వస్తారు. వజ్రాల కోసం. వాన పైమట్టిని కడిగేస్తే ఎర్రనేలలో రాళ్లు తేలతాయి, ఎండ తగిలితే మెరుస్తాయి. వాటిలో ఏదో ఒకటి వజ్రం కావచ్చు. అయిన సందర్భాలున్నాయి, లక్షలు చేతికొచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే కుటుంబాలకు కుటుంబాలు సద్దిమూటలతో వచ్చి, చెట్ల కింద వండుకుని, పొద్దుగూకేదాకా వంచిన నడుము ఎత్తకుండా తిరుగుతుంటాయి. వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. అప్పు తీరే దారి మరొకటి కనబడనివాడు నేలవైపు చూడక ఎటు చూస్తాడు?

నేను వెళ్లినరోజు నా ధ్యాస మాత్రం గట్టుమీద నిలబడ్డ రైతు మీదికి పోయింది. "ఏంప్పా, నువ్వూ రాళ్లకే వచ్చినావా?" అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా చేలోకి దిగాడు. గొంతుకూర్చుని వేళ్లతో మట్టి తవ్వాడు. నాలుగు వేళ్లు ఆనించి తడి ఎంతలోతు దిగిందో చూశాడు. బెత్తెడు. ఆ కింద పొడి. పిడికెడు మట్టి తీసి, ముద్ద చేసి, నడుమెత్తు నుంచి జారవిడిచాడు. ముద్ద నేలకు తగిలి పొలపొలా విడిపోయింది. "పదునైంది" అన్నాడు. బురదగా ఉంటే గొర్రు సాగదు, పొడిగా ఉంటే బుడ్డలు (వేరుశనగ) మొలవవు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూశాను.

రాళ్లకు వచ్చినవాళ్లలో చాలామంది సాయంత్రం "ఏమీ దొరకలేదు" అనుకుంటూ బస్సెక్కారు. అదే వాన, అదే చేను. ఒక్కదానికోసమే వెతికే కంటికి అది కానిదంతా లేనట్టే లెక్క. ఉద్యోగంలో పై మెట్టు, సొంతిల్లు, పిల్లల ర్యాంకు అంటూ మనమూ ఏళ్లకేళ్లు అలాగే వెతుకుతాం. కోరుకోవడంలో దోషం లేదు. ఆ ఒక్కటీ రాని రోజును ఉత్తదని కొట్టిపారేయడం దగ్గరే నష్టమంతా.

ఆ రైతును చూసి తృప్తి అంటే ఇదీ అని చెప్పేయడం సులువు. ఆయన తృప్తిగా లేడు. బెత్తెడు తడి గింజ మొలవడానికి సరిపోతుంది, కాయ ఊరడానికి చాలదని ఆయనకు తెలుసు. ఈ జిల్లాలో ఏడాదంతా కలిపి సగటున పడేది 700 మిల్లీమీటర్లలోపే; పైరుకు కావలసిన వారంలో పడకపోతే ఆ అంకెతో పనేలేదు. ఆయన చేసిందల్లా వచ్చినదాన్ని వచ్చినంతగా కొలవడం. బెత్తెడును జానెడు అనలేదు, ఏమీ లేదనీ అనలేదు. నాకు కృతజ్ఞత అంటే ఇప్పుడు ఆ కొలతే.

కడప వైపు మా జేజికీ ఆ కొలత తెలుసు. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలిమ తీసేది. మోకాటిలోతు తోడాక మొదట ఊరే బురదనీళ్లు పారబోసి, ఒడ్డున కూర్చునేది. నేను తొందరపడి కొబ్బరిచిప్ప ముంచబోతే "ఇసుకొస్తాది, కూసో" అనేది. నీళ్లు తేరుకునేదాకా ఆగాలి. చిప్ప, మళ్లీ చిప్ప, మళ్లీ ఆగడం. అలా నిండిన బిందెలో ఒక్క చుక్క కూడా ఊరికే వచ్చిందని అనిపించేది కాదు. లేచి వెళ్లేముందు జేజి చెలిమకు ఒక పక్క ఇసుక లాగి వాలు చేసేది, మేకలు వంగి తాగడానికి.

వజ్రాలు వెతికే ఆ చేలకు దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. దారుల వెంట బావులు తవ్వించాననీ చెట్లు నాటించాననీ, అవి మనుషులకూ పశువులకూ అనీ ఆ రాజు అక్కడ చెప్పుకున్నాడు. చదువురాని జేజి చేత్తో గీసిన వాలు కూడా ఆ మాటే చెప్పింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. ఉన్నదానితో సర్దుకోండని మా రాయలసీమకు చెప్పినవాళ్లు తక్కువేం కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నీళ్లలో సీమకు ముందు చోటు ఇస్తామంది. ఆ మాట కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. వానకు దణ్ణం పెట్టేవాడు కాలువ నీళ్లు అడగకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చింది ఎంతో కొలిచినవాడికే రావలసింది ఎంతో కచ్చితంగా తెలుస్తుంది.

మా ఊళ్లో బోరు పడినరోజు జేజి మొదటి బిందె తీసుకెళ్లి దూడకు పెట్టింది. దాని మెడ నిమిరి, తిరిగొచ్చి, జనం మధ్యలో నిలబడ్డ సర్పంచును రెండో బోరు ఎప్పుడు వేయిస్తావని అడిగింది.